రెండో సంతకం

రిజిస్టరులో డ్యూటీ సంతకానికి రెండు గడులు.
మొదటి గడిలో పదకొండేళ్ళుగా ఒకటే చేతిరాత.
రెండో గడిలో
మొదట్లో 'ఖాళీ' అని రాసేది,
తర్వాత ఒక గీత,
తర్వాత గీత గీసే తీరిక కూడా లేక
వదిలేసింది మాపులెంగ్.

లెసోతో కొండల మీద జులై అంటే మంచు.
బస్సు నది దగ్గరే ఆగిపోతుంది.
అక్కణ్ణుంచి నాలుగు గంటలు గుర్రం,
గుర్రం మొరాయిస్తే మన కాళ్ళు.
రెండో నర్సు సంగతి తేల్చడానికి ఒకసారి
ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు.
దారి ఎంత ఘోరంగా ఉందో మాట్లాడి
చీకటి పడకముందే దిగిపోయారు.

మా దగ్గర తల్లిని తొలిచూలు బిడ్డ పేరుతో పిలుస్తారు.
పులెంగ్ అంటే వానలో పుట్టింది.
ఆ పిల్ల కింద పట్నంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది.
లోయలో సగం ఇళ్ళకి పురుడు పోసిన చెయ్యి
కన్నకూతురికి జడ వేసింది
ఏడాదికి రెండుసార్లు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. గొర్రెలు కాసేవాణ్ణి.
మంచులో కాలివేళ్ళు నల్లబడితే
దుప్పట్లో చుట్టి మోసుకొచ్చారు.
ఆ రాత్రే లోపల ఒకావిడకి నొప్పులు,
వసారా బల్ల మీద దగ్గుతూ ఒక ముసలాయన,
మధ్యలో నేనూ నా వేళ్ళూ.
మాపులెంగ్ నా కాలికి కట్టు కట్టి
చేతిలో టార్చి పెట్టింది.
"కావాలంటే కళ్ళు మూసుకో,
చెయ్యి మాత్రం కదపకు."

మూసుకోలేదు.
లోపల బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.
బయట దగ్గు ఆగిపోయింది.
రెండూ ఒక్క నిమిషంలోనే.
ఆమె చేతులు తుడుచుకుని వెళ్ళింది,
ముసలాయన ముఖం మీదికి దుప్పటి లాగింది,
మళ్ళీ చేతులు కడుక్కుని
మాయ పడిందేమో చూడ్డానికి వచ్చింది.

ఆ రాత్రి రెండో గడిలో ఏం రాసిందా అని
నిన్న పాత రిజిస్టరు తీసి వెతికాను.
ఏమీ లేదు.
పెన్ను నొక్కి ఆపిన చుక్క ఒకటి.

మూడు వేళ్ళు పోయాయి నాకు.
కుంటివాడికి గొర్రెలెవరిస్తారు?
రాత్రిబడిలో అక్షరాలు దిద్దాను.
నర్సు చదువుతానంటే
"మగాడివి, సూది పట్టుకుంటావా?" అన్నారు తోటి కాపర్లు.
అడ్డం తిరిగిన గొర్రెపిల్లని లాగినవాడికి
సూదొక లెక్కా అన్నాను.
నా పేరు పిట్సో.
ఊరంతా కూడే సభకి కూడా మా భాషలో అదే మాట.
ఆ ఏడు ఉన్ని అమ్మిన డబ్బులో
ఇంటికి కొంత తీసి నా ఫీజు కట్టింది సభ.

నాతో చదివినవాళ్ళు చాలామంది
పట్నంలో ఉండిపోయారు, కొందరు సముద్రం దాటారు.
వాళ్ళని ఒక్క మాటా అనను.
అక్కడా రోగి రోగే.
పైగా జీతం నెలకి నెలా వస్తుంది.
నాది రెండు నెలలుగా ఎక్కడో దారిలో ఉంది,
బహుశా నది దగ్గర.

నిన్న తాళాలు ఇచ్చింది.
టీకాల ఫ్రిజ్ తలుపు మోకాలితో ఎత్తి మూయాలి,
నల్లకుక్క కరవదు, గోధుమరంగుది కరుస్తుంది,
నల్లరాళ్ళ ఊరి ఆడవాళ్ళు నొప్పి చెప్పరు, అడగాలి.
తర్వాత "ఇవాళ రాత్రి నువ్వు" అని
బూట్లు విప్పింది.
బూట్లతోనే పడుకునేదట ఇన్నేళ్ళూ.

అర్ధరాత్రి కుక్క మొరిగింది.
లేచి కూర్చుని కాళ్ళతో బూట్లు వెతుక్కుంది.
"నేను చూస్తాలే" అన్నాను.
జ్వరం కొలిచినట్టు నా మొహం చూసి
వాలింది.
రెండింటికి మళ్ళీ లేచింది.
ఎవరూ రాలేదని చిరాకు పడింది.

తెల్లారాక ఒక తల్లి వచ్చింది,
వీపు మీద కాలిపోతున్న పిల్లాడు.
వెనకగది తలుపు సందులోంచి
పట్టపగలు మంచం మీద మాపులెంగ్‌ని చూసి
గోడ పట్టుకుంది.
"ఎప్పుడు పోయింది?"
"లేదమ్మా. నిద్రపోతోంది."

ఆ తల్లి నమ్మలేదు.
దుప్పటి లేచి పడేదాకా నిలబడి చూసి,
తన చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని,
ఉత్త కాళ్ళతో, చన్నీళ్ళలాంటి నేల మీద,
నా బల్ల దగ్గరికి వచ్చింది.